వెచ్చబడ్డ మూత

ఒక కోడిపుంజు, ఒక కోడిపెట్ట రాకెట్ ఎక్కి కొత్త గ్రహం చూడటానికి వెళ్లాయి. దిగగానే పెట్టకు తెల్లగా, గుండ్రంగా ఏదో దొరికింది. గుండ్రటిది కనబడితే పెట్ట ఏం చేస్తుంది పిల్లలూ? పొదుగుతుంది. ఇదీ రెక్కలు పరిచి కూర్చుంది.

పుంజు రాకెట్ చుట్టూ చూసొచ్చి, "లేవే, అది మన రాకెట్ మూత. దిగేటప్పుడు ఊడిపడింది. అది బిగించకపోతే ఇంటికి వెళ్లలేం," అంది.

"పొదిగేదాన్ని లేపుతావా బావా? పిల్లలు పుట్టాక తీసుకో."

కాసేపటికి పెట్ట ఆకలేసి మేతకు వెళ్లింది. ఇదే అదననుకుని పుంజు మూతను ముక్కుతో తాకింది. వెచ్చగా ఉంది. చల్లారిపోతుందేమోనని మెల్లగా దానిమీద కూర్చుంది.

పెట్ట తిరిగి రాగానే, "చప్పుడు చెయ్యకే, లోపల కదులుతోంది," అంది పుంజు.