చదివిన గుర్తులు

“కొత్త పుస్తకం గీడ ఎవ్వలు కొనరు సార్. వచ్చేటోళ్లంత పాతయే ఎతుకుతరు. జర పాతగ చెయ్యున్రి,” అన్నాడు కిషన్, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తూ.

కోదండరామయ్య అమ్మకానికి తెచ్చిన తన నవల ప్రతుల కట్ట విప్పాడు. సొంత ఖర్చుతో వేసుకున్న ఆ నవల కోసం ఇదివరకే సభ పెట్టాడు, వాట్సాప్ గ్రూపులన్నిటికీ అట్ట బొమ్మ పంపాడు. అభినందనలు వచ్చాయి గానీ పాఠకులు రాలేదు. మూసిన షాపు మెట్ల మీద కూలబడి, తన పుస్తకాల మూలలు తనే మడవసాగాడు.

పక్కన కూర్చున్న భార్య వెంకటరత్నమ్మ నీళ్ల సీసా కోసం సంచీ తెరిచింది. లోపల అదే నవల కనిపించింది. అట్ట నలిగింది, అంచులకు పసుపంటింది.

“గిట్లుండాలె! గది ఇటియ్యమ్మా, ముందుగాల గదే పోతది,” అన్నాడు కిషన్.

“ఇది ఇవ్వను బాబూ. రెండోసారి చదువుతున్నాను.”

కోదండరామయ్య చేతులు ఆగిపోయాయి. “ఎలా ఉంది?” అన్నాడు నెమ్మదిగా.

“ఇన్నాళ్లకు నన్నడిగారు! మధ్యలో బాగా సాగదీశారండీ.”

“సార్, మీ బుక్కుకు గిరాకి వచ్చింది!” అని కిషన్ కేకేశాడు.

ఆయన తల తిప్పలేదు. “ఏ పేజీ దగ్గర?” అంటూ భార్యకు దగ్గరగా జరిగాడు.