చప్పుడు గిట్టని సైకిళ్లు

ఆ రోజుల్లో సైకిళ్లకు చప్పుడు గిట్టేది కాదు. ఎటు నిశ్శబ్దంగా ఉంటే అటు అవే తిరిగేవి. ఎక్కినవాళ్ల పని తొక్కడమే. ప్రశాంతత కోసం విజయనగరం నుంచి ఇటలీలోని సార్డీనియా కొండలకు వచ్చిన బృందంలో హైమవతి, ఆమె భర్త కోదండపాణి ఉన్నారు.

ఒక మలుపులో కోదండపాణి జారి ఆలివ్ తోటలో పడ్డాడు. కాలు విరిగింది. "ఓలమ్మో, సచ్చిపోనాను!" అని కేక పెట్టాడు. అది వినగానే వెనకున్న సైకిళ్లన్నీ మర్యాదగా వేరే దారి పట్టాయి. హైమవతి మాత్రం తన సైకిలు మీంచి దూకి పరుగెత్తుకొచ్చింది.

"అరవకండి! మీరు అరిస్తే ఎవరూ రారు," అంటూ అతని నోట్లో చున్నీ కుక్కింది.

చప్పుడు ఆగాక సైకిళ్లు తిరిగొచ్చాయి. "ఎంత హాయిగా ఉందో ఇక్కడ!" అంటూ బృందంలోని డాక్టర్ పరాంకుశం దిగాడు. చున్నీ తీయించి, నొప్పెక్కడని అడిగి, కాలు కదిపాడు. కోదండపాణి కొండలదిరేలా అరిచాడు. వెంటనే డాక్టరు సైకిలు ఆయన లేకుండానే లోయలోకి బయల్దేరింది. దాని వెంట పరుగెత్తబోతున్న ఆయన చొక్కాను హైమవతి పట్టుకుంది.

"బండి పోతే పోనీండి డాక్టరు గారూ, ముందు మా ఆయన కాలు చూడండి!"

"చూస్తానమ్మా," అన్నాడాయన, లోయకేసి దిగులుగా చూస్తూ. "ఆయన్ని కాస్త నెమ్మదిగా ఏడవమను."