ఏడు రేకుల మండలం

“ఇందులో నా పేరు లేదేమండీ?”

మండలాల మీద, అంటే గుండ్రంగా గీసే పూజాచిత్రాల మీద, భర్త రాసిన పుస్తకం ప్రెస్సు నుంచి అప్పుడే వచ్చి ఆవిడ చేతిలో ఉంది. అట్ట చూసింది, లోపలి పేజీ చూసింది, ముందుమాట చివరిదాకా వేలుపెట్టి వెతికింది. లైబ్రరీ వాళ్లకి కృతజ్ఞతలున్నాయి. బైండింగు చేసినాయనకి ఉన్నాయి. ఆఖరికి ఫోటోకాపీల షాపావిడకీ ఉన్నాయి.

ప్రొఫెసరు అద్దం ముందు టై సరిచేసుకుంటున్నాడు. ఇంకో గంటలో ఆవిష్కరణ సభ.

“నీ పేరెందుకే? నువ్వూ నేనూ వేరా?”

“రెండొందల పన్నెండు బొమ్మలండీ. పదకొండేళ్లు గీశాను.”

“గీతలు గీశావు, కాదన్నానా? వాటికి అర్థం చెప్పింది నేను. అసలు పుస్తకం చదివావా? ఇసుకతో మండలం వేసే సన్యాసులు రోజుల తరబడి వేసి, వాళ్ల చేతుల్తోనే ఊడ్చేస్తారు. చర్చిల్లో ఆ గుండ్రటి రంగుటద్దాల కిటికీలు ఎవరు చేశారు? మసీదు గోపురాల లోపల అన్ని నక్షత్రాలు ఎవరు పేర్చారు? పేర్లు చెప్పమను చూద్దాం! ఏ దేశంలోనైనా మండలం చెప్పేది ఒకటే. నడిమి బిందువు దగ్గరికి వెళ్లేసరికి ‘నేను’ అన్నది కరిగిపోవాలి.”

“మరి మీది కరగలేదేమండీ?”

ఆయన టై ముడి గట్టిగా లాగి బిగించాడు.

“వస్తే మూతి ముడుచుకోకుండా రా. లేదా ఇంట్లో ఉండు.”

ఆవిడ వెళ్లింది. ముందు వరసలో కూర్చుంది.

సభ బాగా సాగింది. తెర మీద మండలాలు ఒక్కొక్కటే వస్తుంటే ప్రొఫెసరు గొంతు గద్గదమైంది.

“ఒక్కో గీతా గీస్తున్నప్పుడు నన్ను నేను మర్చిపోయేవాణ్ణి,” అన్నాడు. హాలంతా చప్పట్లు.

ఆవిడ బొటనవేలి మీద కంపాసు మర తిప్పీ తిప్పీ కట్టిన కాయను మెల్లగా రుద్దుకుంది.

చివర్లో ఒక రిటైరైన లెక్కల మాస్టారు లేచాడు. చేతిలో ఆహ్వానపత్రం ఉంది.

“ఒక్క సందేహమండీ. ఆరు రేకులంటే కంపాసుతో ఇట్టే వచ్చేస్తాయి. ఏడు మాత్రం కచ్చితంగా రావని నలభై ఏళ్లు క్లాసులో చెప్పాను. దీని మీద అచ్చేసిన ఏడు రేకుల మండలాన్ని ఇంటిదగ్గర కొలిచి చూశాను. కంటికి తేడా అందడం లేదు. ఎలా వేశారో, ఒక్కసారి బోర్డు మీద చూపిస్తారా?”

ఎవరో కంపాసు తెచ్చారు. ప్రొఫెసరు నవ్వుతూనే అందుకున్నాడు. ముల్లు జారింది. సున్నా కాస్తా వంకాయలా వచ్చింది. తుడిచి మళ్లీ గీశాడు. ఆరు రేకులు పెట్టేసరికి ఏడోదానికి చోటు లేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

మెడ మీది చెమట తుడుచుకుని ఆయన ముందు వరస వైపు చూశాడు.

“మా ఆవిడ... అప్పుడప్పుడూ సాయం చేసేది. ఏమోయ్, ఇలా వచ్చి కాస్త చూపించు.”

హాల్లో తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. ఆ ఏడో రేకు కోసం మూడు నెలలు కాగితాలు చింపింది ఆవిడ. వృత్తంలో సమబాహు త్రిభుజం గీసి, దాని భుజంలో సగం కొలత కంపాసుకి తీసుకుని చుట్టూ ఏడు గుర్తులు పెడితే చాలు. నాలుగడుగులు వేసి ఆ మాట చెబితే, ఆ బొమ్మలు ఎవరివో ఇంకెవరూ అడగనక్కర్లేదు. ఒళ్లో ఆవిడ వేళ్లు వాటంతటవే కొలతలు వేస్తున్నాయి.

“వెళ్లండమ్మా, వెళ్లండి,” అంది పక్క సీటావిడ.

లెక్కల మాస్టారు ఆశగా చూస్తున్నాడు. ప్రొఫెసరు కంపాసు చాపి నిలబడ్డాడు.

ఆవిడ లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, అందరికీ వినపడేలా అంది.

“ఆ బొమ్మలన్నీ వారు స్వయంగా గీసినవేనండీ. నాకు సున్నా చుట్టడం కూడా రాదు.”