కదలని ముల్లు

“నా బిడ్డ ఇంత ముంతలోకి వచ్చేసింది. మిగిలిందంతా యాడికి పాయ?”

ఈశ్వరి అస్థికలు పెన్నలో కలిపి వచ్చినప్పటినుంచీ నాగరత్నమ్మ భర్తను అడుగుతున్నది అదొక్కటే. అన్నం ముట్టడం లేదు. ఆమె ముట్టలేదని ముత్యాలప్పా సరిగా తినడం లేదు.

ఆయన పెనుకొండలో సైన్సు మాస్టారు. పదార్థం రూపు మారుతుందే తప్ప ఎక్కడికీ పోదని ఏటా పిల్లలకు చెప్పే మాటే ఆమెకూ చెప్పాడు.

“చెప్పేది కాదు. చూపించండి.”

ఆదివారం పొద్దున బడికి తీసుకెళ్లాడు.

“ఏం సార్, ఆదివారం గూడా ఆ తక్కెడని ఇడ్సరా?” అంటూ తాళాలు తెచ్చిన అటెండరు ఉలిగప్ప, వెనకనున్న నాగరత్నమ్మను చూసి తల దించుకున్నాడు. తలుపు తీశాడు.

ముత్యాలప్ప గాజు బుడ్డిలో కర్పూరం బిళ్ల, దానిమీద అగ్గిపుల్ల తల వేసి బిరడా బిగించాడు. తక్కెడలో ఒకవైపు బుడ్డి, ఒకవైపు రాళ్లు. కింది ఇత్తడి మీట తిప్పగానే పళ్లాలు లేచాయి. ముల్లు అటూ ఇటూ ఊగి సున్నా దగ్గర ఆగింది. మీట వెనక్కి తిప్పి పళ్లాలు దించాడు. ముల్లు సున్నా మీదనే కదలకుండా బిగుసుకుంది.

బుడ్డిని కిటికీ ఎండలో పెట్టి భూతద్దం పట్టాడు. పుల్ల తల భగ్గుమంది. కర్పూరం అంటుకుంది. బుడ్డి నిండా పొగ.

“కర్పూరం వాసనొస్తాండాది,” అంది నాగరత్నమ్మ.

ఆయన బిరడా ఇంకాస్త నొక్కాడు. బుడ్డి చల్లారాక మళ్లీ పళ్లెంలో పెట్టాడు. మీట మీద చేయి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు.

“చూడు రత్నమ్మా. ముల్లు సున్నా మీదనే ఉండాది. ఇసుమంత గూడా పోలేదు. కండ్లకు కనపడదు, అంతే. అంతా ఈడనే ఉండాది.”

ఆమె ముల్లునే చూస్తూ ఉండిపోయింది. ధర్మవరంలో జరీ తూచే ఇంట పుట్టిన మనిషి. తక్కెడ ముందు నోరు మెదిపే అలవాటు లేదు.

ఇంటికొచ్చి పొయ్యి ముట్టించింది. సంగటి కెలికింది. రెండు కంచాలు పెట్టుకుని కూర్చుని, తనే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

ముత్యాలప్ప ఊపిరి పీల్చుకున్నాడు. బడిలోని ఆ తక్కెడకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

“మీరూ తినండి,” అంది నాగరత్నమ్మ, ఆయన కంచంలో ముద్ద పెడుతూ, “నాకోసమే గదా రెండోసారి ఆ మీట తిప్పకపోతిరి.”