అల్పాకా మీద అల్పబుద్ధి

పోటీ రోజు పొద్దున్నే షెడ్డు తలుపు తీసిన సాలమన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. సుల్తాన్ ఉన్నాడు. సుల్తాన్ మీద ఉండాల్సిన బొచ్చు లేదు.

దొంగ ఎవడో గానీ, అల్పాకాని వదిలేసి దాని ఉన్ని పట్టుకుపోయాడు!

అల్పాకా అంటే పెరూ దేశపు జంతువు. గొర్రెకి ఒంటె మెడ అతికించి, మొహాన పెళ్ళికొడుకు నవ్వు పెట్టినట్టుంటుంది. పేరు చూస్తే అల్పం, ధర చూస్తే అనల్పం. ఖతార్ అంతా ఫుట్‌బాల్ కప్పు కోసం స్టేడియాలు కడుతుంటే, మెసైమీర్ అవతల తన మజ్రాలో, అంటే తోటలో, సాలమన్ యజమాని అయిన అర్బాబు మాత్రం అల్పాకాల కప్పు కోసం ఏసీ షెడ్డు కట్టించాడు.

గల్ఫ్ అంతా దుబాయే అనుకునే గంగామణి ఆ షెడ్డు సంగతి ఫోన్‌లో విని, "దుబాయ్‌ల గొర్లకు గూడ ఏసీనా? నువ్వు గూడ అండ్లనే పండుకోరాదు!" అని మొగుడికి సలహా ఇచ్చింది. ఆ మొగుడు జలంధర్. జగిత్యాల వైపు మనిషి. సుల్తాన్‌ని సాకేది అతనే.

సాలమన్‌ది పాలకొల్లు. మజ్రాకి మేనేజరు. వెస్ట్ బే హోటల్లో జరిగే పోటీలో సుల్తాన్ గెలిస్తే, సాలమన్ భార్య పెర్సిస్‌కి ఫ్యామిలీ వీసా ఇప్పిస్తానని అర్బాబు మాటిచ్చాడు. ఆ పోటీలో మార్కులన్నీ బొచ్చుకే. ఉన్ని ఉన్నన్నాళ్ళే ఉన్నతి!

సాలమన్ అర్బాబుకి ఫోన్ చేశాడు. "బాబా... సూఫ్ మాఫీ." ఉన్ని లేదు అని.

"సూఫ్ మాఫీ? ఫ్యామిలీ మాఫీ!" అవతల అర్బాబు గర్జించాడు. "నేను వచ్చేసరికి దొంగ నా ముందుండాలి. యల్లా!"

మన దగ్గర మాఫీ అంటే వదిలేయడం. గల్ఫ్‌లో మాఫీ అంటే అసలే లేదనడం.

ఫోన్ పెట్టాడో లేదో, పాలకొల్లు నుంచి పెర్సిస్. "ఏవండీ, మీ గొర్రెకి శుభ్రంగా దువ్వారా? నేను ఆవకాయ కూడా సర్దేశాను."

"దువ్వడానికేం మిగల్లేదే," అని గొణిగి, సాలమన్ డిటెక్టివ్ అవతారమెత్తాడు.

సుల్తాన్ ఒంటి మీద ఒక్క గాటు లేదు. దొంగ ఎవడో గానీ ముద్దుగా గొరిగాడు. మూలన కూలబడ్డ జలంధర్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఊరుకో జలంధర్. తల్లి పాలివ్వకపోతే సీసా పట్టి బతికించావు. నీ బాధ నాకు తెలీదా?"

"బాధ గాదు సార్..." అని అతను మళ్ళీ ముక్కు చీదాడు.

"ఎవరి మీదన్నా అనుమానముందా?"

జలంధర్ తల దించుకున్నాడు.

సాలమన్‌కి మాత్రం ఉంది. సుల్తాన్ తండ్రి ఈ మజ్రాది, తల్లి పక్క మజ్రాది. ఒప్పందం ప్రకారం పిల్ల ఇటు దక్కేసరికి అటువాళ్ళకి కడుపుమంట. అక్కడ ఆ తల్లిని చూసుకునే తిరుమల్ ఈ సాయంత్రమే సెలవు మీద ఊరికి విమానమెక్కుతున్నాడు. అంటే, బొచ్చుతో సహా తుర్రుమనే ప్లాను!

సాలమన్ గోడ అవతలి గదికి పరిగెత్తాడు. తిరుమల్ కొత్త చొక్కా తొడుక్కుని సూట్‌కేసు మూస్తున్నాడు. సాలమన్ మూత లాగాడు. బట్టల నడుమ కొత్త తువ్వాలు మూట. ముడి విప్పగానే తేనె రంగు ఉన్ని బుస్సున పొంగింది.

"దొరికావురా! ఎంతకి అమ్ముతున్నావు?"

"అమ్ముడేంది సార్? గట్లనకుండ్రి, కళ్ళు పోతయ్! ముట్టాల్సిన కాడ ముట్టజెప్త."

"ఓహో! కొనేవాడు కూడా సిద్ధమన్నమాట!"

కాలరు పట్టుకుని షెడ్డుకి లాక్కొచ్చేసరికి అర్బాబు జీపు దిగాడు. నున్నటి సుల్తాన్‌ని చూసి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఒళ్ళు కప్పుకోడానికి బొచ్చే లేనిదానికి కప్పెవడిస్తాడు!

"దొంగ దొరికాడు బాబా! వీడే!" అన్నాడు సాలమన్. అతని కళ్ళ ముందు వీసా మళ్ళీ రెపరెపలాడింది.

"మూడు కత్తెర్లే నావి," అన్నాడు తిరుమల్ మొండిగా. "అంతకంటె ఒక్కటి ఎక్కువేస్తె నన్ను జైల్ల వెట్టుండ్రి."

"మూడు కత్తెర్లకి మూటెడు ఉన్ని వస్తుందా? మిగతాది ఎవడు గొరిగాడు, మీ తాతా?"

తిరుమల్ జలంధర్ వైపు చూశాడు.

జలంధర్ లేచి, చెంపలు తుడుచుకుని, బోడి సుల్తాన్ మెడ చుట్టూ చెయ్యేశాడు.

"మల్లన్నకు మొక్కుకున్న సార్, తల్లి దిక్కు మేనమామ కత్తెర్లు పడ్డంక మిగిలింది తండ్రి లెక్క నేనే తీసిన, ఇయ్యాల్టితోని ఏడాది నిండుతది, పుట్టెంటికలు తియ్యకుంట నలుగుట్ల నిలవెడ్తె పిల్లకు దిష్టి తాకదా?"