పక్కీరప్ప అప్పీలు

“అర్జీదారుడు చనిపోయాడు మేడమ్. అప్పీలు కొట్టేయొచ్చు” అన్నాడు జిల్లా కోర్టు పరిపాలనాధికారి విశ్వమూర్తి.

వెనక బెంచీ మీద కూర్చున్న పక్కీరప్ప ఉలిక్కిపడ్డాడు. పక్కనున్న వాళ్ల ఊరి హుసేనమ్మ మోచేత్తో పొడిచింది.

“అన్నా, నిన్నేనా అనేది?”

“నన్నే అన్నట్టుందిమ్మా.”

“ఈ సచ్చినోడు నిన్ను సంపేసినాడు గదన్నా!”

కలెక్టరేట్ సమావేశ మందిరంలో సమాచార కమిషన్ విచారణ జరుగుతోంది. సమాచార హక్కు కింద పక్కీరప్ప అడిగింది ఒక్కటే, ఒక జడ్జి మీద జరిగిన విచారణ నివేదిక. ఊరి గుట్ట మీద క్వారీ మూసేయమన్న ఉత్తర్వును ఆపుతూ మున్సిఫ్ కోర్టు జడ్జి స్టే ఇచ్చాడు. దానికి లంచం తీసుకున్నాడని ఊరంతా సంతకాలు పెట్టి జిల్లా జడ్జికి ఫిర్యాదు చేసింది. విచారణ అయితే జరిగింది. ఏం తేలిందో మాత్రం ఎవరూ చెప్పరు. గుట్ట పేలుతూనే ఉంది. ఇళ్ల గోడలు పగులుతూనే ఉన్నాయి. హుసేనమ్మ వంటింటి గోడ సగం కూలింది. ఆ నివేదిక బయటికొస్తే స్టే ఎత్తేయమని హైకోర్టుకు పోవచ్చు.

“ఎలా చనిపోయాడు?” అడిగింది కమిషనర్ హైమవతి.

“వయసు మీద పడింది మేడమ్. మా కోర్టు నోటీసు ఇవ్వడానికి వెళ్లిన అటెండరుతో ఊళ్లోవాళ్లే చెప్పారు, పక్కీరప్ప పోయాడని.”

హుసేనమ్మ నెత్తి కొట్టుకుంది. పక్కీరస్వామికి మొక్కుకుని కన్న ప్రతి మగబిడ్డకూ ఆ ఊళ్లో అదే పేరు. పోయింది గొర్రెల పక్కీరప్ప. ఏ పక్కీరప్ప అని కోర్టువాళ్లు అడగలేదు. అడగాలని వాళ్లకు అనిపించి ఉండదు.

పక్కీరప్ప లేవబోయాడు. అంతలో కమిషనర్ గొంతు పెరిగేసరికి ఆగిపోయాడు.

“జడ్జి మీద సమాచారం అడిగిన మనిషి పోయాడంటే నేనంత తేలిగ్గా కొట్టేయలేను. క్వారీవాళ్లు బెదిరిస్తున్నారని ఆయన అప్పీల్లోనే రాశాడు. ఇలాంటి వాటిలో మా పద్ధతి వేరు. ఆయన అడిగిందంతా వెబ్‌సైట్లో పెట్టిస్తాం. ఊరూవాడా చదువుకుంటుంది. మనిషిని తీసేస్తే సమాచారం ఆగిపోతుందని ఎవరూ అనుకోకూడదు. పోలీసులకు కూడా రాస్తాను.”

విశ్వమూర్తి గబుక్కున లేచాడు.

“మేడమ్, ఒక్క నిమిషం...” అంటూ హాలంతా కలయజూశాడు. నెలల తరబడి తన గది ముందు వరండాలో పడిగాపులు కాసిన మనిషిని పోల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

“బతికే ఉన్నాడు మేడమ్! అదిగో, ఆ తలపాగా!”

హాలంతా గొల్లున నవ్వింది.

పక్కీరప్ప మెల్లగా ముందుకు వెళ్లాడు. మోకాళ్లు సహకరించక బల్ల అంచు పట్టుకుంటే, కమిషనర్ మాట ఆపి కుర్చీ వేయించింది. ముసలాయన సర్దుకుని కూర్చునేదాకా ఏమీ అడగలేదు.

“మీరేనా పక్కీరప్ప?”

“నేనే తల్లీ. పోయినోడు గొర్రెల పక్కీరప్ప. వాడికి పెట్టాల్సిన పిండం ఈ సారు నాకు పెట్టినాడు.”

“మరి ఇందాకే లేచి చెప్పొచ్చుగా?”

“లేద్దామనే అనుకుంటి. మీరు మాట్లాడతాంటే ఇనబుద్ధయింది. బతికుండగా నా తరఫున ఎవరూ అంత గట్టిగా మాట్లాడింది లేదు తల్లీ.”

కమిషనర్ నవ్వు ఆపుకుని విశ్వమూర్తి వైపు తిరిగింది.

“బతికున్న మనిషిని చంపి ఫైలు మూశారు. ఇప్పుడేమంటారు?”

“పొరపాటైంది మేడమ్. నివేదిక ఇచ్చేస్తాం, ఈరోజే ఇస్తాం.” విశ్వమూర్తి గొంతు మళ్లీ తేరుకుంది. “అర్జీదారుడు క్షేమంగా ఉన్నాడు గనక వెబ్‌సైట్లో పెట్టే పని లేదు కదా మేడమ్. ఒక్క కాపీ. కవర్లో పెట్టి, ఆయన చేతికే.”

కమిషనర్ కాసేపు కాగితాలు తిరగేసింది. “పద్ధతి ప్రకారం అంతే” అంది అయిష్టంగా.

పక్కీరప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు దగ్గర క్వారీ కంట్రాక్టరు మనుషులు జీపులో కూర్చుని ఉన్నారు. ఊరు చేరాలంటే క్వారీ ముందు నుంచే పోవాలి.

హుసేనమ్మ ముందుకొచ్చి చెవిలో గుసగుసలాడింది. “తీసుకోన్నా. ఈడనే ఫోన్లో ఫోటో తీసుకుందాం.”

“దావలో అసలుది లాక్కుని, ఫోటోది దొంగ కాగితమంటారమ్మా. పోయినసారి ఫోటో చూపిస్తే అట్లనే అన్లేదా?”

“మరేం చేస్తావు?”

పక్కీరప్ప కమిషనర్ వైపు తిరిగాడు.

“తల్లీ, నాకు సరిగ్గా అర్థమైందో లేదో చెప్పండి. నేను బతికుంటే ఆ కాగితం నా ఒక్కడికి. సచ్చింటే అందరికీ. అంతేనా?”

“అంతే.”

“అన్నా, వద్దు! పింఛను పీకేస్తారు, రేషను పీకేస్తారు!” హుసేనమ్మ చొక్కా పట్టుకుని లాగింది.

పక్కీరప్ప ఆమె చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఈ సారు మొదట చెప్పిందే రాసుకోండి తల్లీ. పక్కీరప్ప సచ్చిపోయినాడు.”