తగువు పిన్ని

"కళ్ళున్నాయా లేవా నీకు? నా పడవనే తోస్తావా!"

ఆవిడ చెయ్యి బల్ల మీద ఎంత గట్టిగా పడిందంటే టీ కప్పులు ఎగిరిపడ్డాయి. బోర్డు మీది చెక్క పడవలన్నీ చెల్లాచెదురయ్యాయి.

ఆటలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన ఉద్యోగం మానేసి బోర్డు ఆటలు తయారుచేస్తున్నాడు. ఇంతవరకూ చేసినవేవీ నిలబడలేదు. ఈ పడవలాట కూడా జనానికి పట్టకపోతే ఇక జన్మలో పాచిక ముట్టనని భార్యకి మాటిచ్చాడు. అందుకే ప్రతి శనివారం సాయంత్రం లైబ్రరీ మేడ మీద గదిలో తెలిసినవాళ్ళని కూర్చోబెట్టి ఆడించి చూసుకుంటున్నాడు.

బావమరిది, పక్కింటి లెక్కల మాస్టారు, వీధి చివరి టైలరు. మర్యాదంటే ఏమిటో ఆ ముగ్గురి దగ్గరే నేర్చుకోవాలి. గెలిచినా ఓడినా ఒకటే నవ్వు. "అద్భుతం" అనేవారు. "దీనికి తిరుగులేదు" అనేవారు.

ఈవిడ మాత్రం ఎవరో ఏమో. ఒకరోజు వానకి తడవకుండా మెట్లెక్కి వచ్చింది. అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత వాన ఉన్నా లేకపోయినా వచ్చేది. ఓడితే తిట్టేది. గెలిస్తే ఎదుటివాడి మొహం మీదే చప్పట్లు కొట్టేది. బావమరిది ఆవిడకి తగువు పిన్ని అని పేరు పెట్టాడు.

తగువంతా ఒక్క నియమం దగ్గరే. ఒకరి పడవ ఉన్న గడిలోకి ఇంకొకరి పడవ వస్తే, ముందున్నది మళ్ళీ మొదటి ఒడ్డుకి పోవాలి. ఆ నియమం ఆటలాయనకి మొదటినుంచీ కంట్లో నలుసే. మిగతా ఆటంతా నున్నగా ఉంది. నియమాలన్నీ అరచేతంత కాగితంలో ఇమిడిపోతాయి. ఇదొక్కటే మొటిమలా పైకి తేలుతోంది.

ఆ వారమే దాన్ని పీకి పారేశాడు.

తర్వాతి శనివారం తగువు పిన్ని కాసేపు కిక్కురుమనకుండా ఆడింది.

"నన్నెవరూ తొయ్యరా?"

"తొయ్యరండీ."

"నేనూ ఎవర్నీ తొయ్యకూడదా?"

"అక్కర్లేదు. ఎవరి దారి వాళ్ళది. ఇప్పుడు చూడండి, ఆట ఎంత అందంగా ఉందో!"

"ఎవరి దారి వాళ్ళదైతే నలుగురం ఒక బల్ల చుట్టూ ఎందుకయ్యా? ఎవరింట్లో వాళ్ళం ఆడుకుంటాం పో!"

"మీకు ఆట అందం తెలీదు."

"అందమా? సంతాపసభలో ఇంతకన్నా సందడుంటుంది!"

బోర్డు గాల్లోకి లేచింది. పడవలు గోడకి కొట్టుకుని నేలమీద రాలాయి.

"బయటికి నడవండి!" ఆటలాయన గొంతు చించుకున్నాడు. "ఊరికే టీ దొరుకుతుందని దారినపోయేవాళ్ళంతా వచ్చి కూర్చుంటున్నారు! మళ్ళీ ఈ మెట్లెక్కితే మర్యాద దక్కదు!"

ఆవిడ మొహం కందగడ్డయింది. సంచీ తీసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"బంగారంలాంటి ఆటని చేతులారా చంపుకున్నావు" అని మెట్లు దిగిపోయింది.

"పీడా వదిలింది బావా" అన్నాడు బావమరిది. మాస్టారూ టైలరూ తలలూపారు. ముగ్గురూ ప్రశాంతంగా ఇంకోసారి ఆడి, గడియారం చూసుకుని లేచారు.

ఒక ఆటల కంపెనీ దాన్ని అచ్చువేసింది. పెట్టె నిజంగానే ముచ్చటగా ఉంది. దుకాణాల్లో ఎవరూ ముట్టుకోకుండా అంతే ముచ్చటగా కూర్చుంది.

"పొగిడేవాడు లేడు, తిట్టేవాడు లేడు" అన్నాడు కంపెనీ మేనేజరు ఫోన్లో. "ఎవరైనా తిట్టినా బాగుండేదండీ. ఇక మీ ఆటలు మేం వెయ్యలేం."

ఆటలాయన రగిలిపోయాడు. కంపెనీని తిట్టాడు, జనాన్ని తిట్టాడు. అదే ఊపులో బావమరిది ఇంటికెళ్ళాడు. అక్కడ తాను ప్రేమగా ఇచ్చిన పెట్టె అద్దాల బీరువాలో ఉంది. పైనున్న ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు.

"ఏంట్రా ఇది?"

"భద్రంగా దాచుకున్నాం బావా. అంత అందమైన..."

"నోర్ముయ్! ప్రతి శనివారం వచ్చి ఆడావు కదరా! ఇంట్లో ఒక్కసారి ఆడబుద్ధి కాలేదా?"

ఇప్పుడు బావమరిదికి ఒళ్ళు మండింది. ఎన్నాళ్ళని నవ్వుతాడు పాపం!

"ఆడటానికొచ్చామా మేము? అక్క పంపితే వచ్చాం! మాస్టార్నీ అక్కే బతిమాలింది, టైలర్నీ అక్కే. 'ఆయన ఒక్కడే కూర్చుంటే చూడలేను, కాసేపు కూర్చుని బాగుందని చెప్పిరండి, చాలు' అని ఇంటింటికీ తిరిగింది. మా శనివారాలన్నీ నీకు ధారపోశాం బావా!"

ఆటలాయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ తగువు పిన్నిని కూడా మీ అక్కే పంపిందా?"

"ఆవిడెవరో అక్కకేం తెలుసు? నీ చుట్టమేమో అనుకున్నాం మేము. అందుకే అన్ని తిట్లూ పడ్డాం."

ఆటలాయన లేచి లైబ్రరీకి పరుగెత్తాడు.

"ఆ పెద్దావిడాండీ?" అంది కౌంటరు దగ్గరమ్మాయి. "మీరు రావడం మానేశాక కూడా వచ్చేవారు. మెట్ల కింద నిలబడి, పైన ఆట మొదలైందా అని అడిగేవారు. లేదని చెబితే నామీద కేకలేసి వెళ్ళిపోయేవారు. ఈమధ్య రావడం లేదు."

"పేరు? ఇల్లెక్కడ?"

"మాకెలా తెలుస్తుందండీ? ఏనాడూ ఒక్క పుస్తకం తీసుకోలేదు కదా."

అన్ని శనివారాల్లో ఆ గదికి నిజంగా ఆడుకోవడానికి వచ్చిన మనిషి ఒక్కతే, ఆవిడనే ఆయన మెడపట్టి గెంటాడు.